సాయానికి అర్హత పరీక్ష ఎందుకు? రాజకీయ ఖైదీల సహాయ సంస్థలకు బహిరంగ లేఖ

రాజకీయ ఖైదీలకు, వారి కుటుంబాలకు అండగా నిలుస్తున్న సహాయ సంస్థల నిర్వాహకులకు, ధర్మకర్తలకు,

నమస్కారం.

ఇలాంటి సంస్థల్లో ఒకదానికి వచ్చే దరఖాస్తులు చదివి, ఒక్కోదానికీ నాలుగు ముక్కల్లో సారాంశం రాసి కమిటీ ముందు పెట్టే పని కొన్నేళ్లుగా నాది. జీతం లేని పని కాబట్టి మొహమాటం లేకుండా రాయగలను. కోపంతో రాస్తున్నానని కొందరు అనుకుంటారు. కొంత కోపం ఉన్న మాట నిజమే.

నేను అడుగుతున్నది ఇది. జైల్లో ఉన్న మనిషి ఏమి నమ్మాడో, ఏ జెండా పట్టాడో, ఎంత పేరున్నవాడో తూచి, ఆ తూకం ప్రకారం బయట ఉన్న అతని మనుషులకు సాయం కొలిచి ఇచ్చే పద్ధతి మానండి. ఇంట్లోవాళ్ల మీద ఏ కోర్టులోనూ కేసు లేదు. వాళ్లకు ఎంత అవసరం ఉందన్నదే మీరు చూడవలసింది.

మా దరఖాస్తు ఫారం సంగతి చెబుతాను. మొదటి రెండు పేజీల్లో ఉన్నవన్నీ అడగవలసిన ప్రశ్నలే: ఏ జైలు, ఏ సెక్షన్లు, లాయరు ఉన్నారా, తదుపరి వాయిదా ఎప్పుడు, ఇంట్లో ఎంతమంది, మందులు వాడేవారు ఎవరైనా ఉన్నారా. మూడో పేజీకి వచ్చేసరికి ఫారం గొంతు మారుతుంది. ఖైదీ ఏ సంస్థలో సభ్యుడు? హింసను ఎప్పుడైనా సమర్థించారా? క్షమాభిక్ష కోరుతూ ఏదైనా సంతకం చేశారా? వీటికి జవాబులు రాయవలసింది ఖైదీ కాదు, అతని తల్లో భార్యో. ఒక తల్లి ఆ గడిలో "మా వాడు ఎవరికీ అపకారం చేయలేదు" అని రాసింది. అది సరైన జవాబు కాదని మా కమిటీ ఫారం తిప్పి పంపింది. ఇంకొకామె గడి ఖాళీగా వదిలేసి, పక్కన సన్నటి అక్షరాలతో "ఈ ప్రశ్న పోలీసులు కూడా అడిగారు" అని రాసింది. ఆ కాగితం మీద సారాంశం ఏమి రాయాలో నాకు తెలియలేదు. చివరి పేజీలో పిల్లల ఫోటో అంటించాలి. దాతలకు పంపే నివేదికలో వేయడానికట.

మీ సమాధానం నాకు తెలుసు. "రాజకీయ ఖైదీ అంటే ఎవరో ఒక నిర్వచనం లేకుండా సంస్థ నడవదు, అడిగినవారందరికీ ఇవ్వడానికి మన దగ్గర ఖజానా లేదు" అంటారు. ఒప్పుకుంటాను. ఏ కేసు రాజకీయమైనదో తేల్చుకోవడం వేరు. ఆ గీత లోపలికి వచ్చినవారిలో మళ్లీ మంచి ఖైదీ, చెడ్డ ఖైదీ అని వేరుచేయడం వేరు. మొదటిది మీ పని. రెండోది ఖైదీల విడుదల కోసం ప్రచారం చేసే సంస్థల నుంచి మీరు అరువు తెచ్చుకున్న అలవాటు.

ఆ అలవాటు ఎక్కడిదో కొంచెం వివరంగా చూద్దాం. 1961లో లండన్‌లో పీటర్ బెనెన్సన్ మొదలుపెట్టిన ఉద్యమం ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ అనే మానవ హక్కుల సంస్థ అయింది. తొలినాళ్లలో దాని స్థానిక బృందాలు ఒక్కొక్కటి ముగ్గురు ఖైదీల తరఫున పనిచేసేవి: ఒకరు పాశ్చాత్య దేశాలవారు, ఒకరు కమ్యూనిస్టు దేశాలవారు, ఒకరు మూడో ప్రపంచంవారు. ఎవరి పక్షమూ వహించడం లేదని లోకానికి చూపించే తెలివైన ఏర్పాటు అది. హింసకు పాల్పడినవారినీ, దాన్ని సమర్థించినవారినీ 'అంతరాత్మ ఖైదీ'గా (కేవలం నమ్మకాల వల్ల జైలు పాలైనవారిగా) స్వీకరించకూడదన్న నియమం కూడా అప్పటిదే. ఆ నియమం కారణంగానే 1964లో నెల్సన్ మండేలాను ఆ జాబితాలో ఉంచలేదు. న్యాయమైన విచారణ జరగాలని, ఎవరినీ హింసించకూడదని అడగడానికి మాత్రం ఆ నియమం అడ్డు రాలేదు. అంటే ఫలానా మనిషిని వెంటనే విడుదల చేయమని లోకం ముందు నిలబడి అడిగేటప్పుడు వాడుకునే జల్లెడ అది. అక్కడ దానికి అర్థం ఉంది. అదే జల్లెడను మీరు తెచ్చి పిల్లల బడి ఫీజుకు, ముసలివాళ్ల మందులకు పట్టారు.

మండేలా ముద్దాయిగా ఉన్న రివోనియా కేసులో లాయర్ల ఖర్చు భరించింది ఎవరు? లండన్‌లో జాన్ కాలిన్స్ అనే చర్చి గురువు నడిపిన డిఫెన్స్ అండ్ ఎయిడ్ నిధి. మీరందరూ కూర్చుని చదవవలసిన చరిత్ర ఏదైనా ఉంటే ఈ నిధిదే. 1956లో దక్షిణాఫ్రికాలో 156 మంది మీద రాజద్రోహం కేసు పెట్టినప్పుడు కాలిన్స్ వాళ్ల లాయర్ల కోసం, ఇళ్లలో మిగిలినవారి కోసం చందాలు వసూలు చేశాడు. 1961లో కేసు వీగిపోయింది. 1966లో దక్షిణాఫ్రికా ప్రభుత్వం ఈ నిధిని నిషేధించింది. ఆ రోజు నుంచి దాని డబ్బు అందుకోవడమే నేరం.

అక్కడితో చేతులెత్తేసి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. వాళ్లు పద్ధతి మార్చారు. లాయర్ల ఫీజు లండన్‌లోని ఒక న్యాయవాది ద్వారా, సంబంధం లేనట్లు కనిపించే దాతల పేర్ల మీదుగా వెళ్లేది. కుటుంబాల డబ్బుకు ఇంకో దారి వెతికారు. బ్రిటన్‌లోనూ ఇతర దేశాల్లోనూ మామూలు గృహిణులు, రిటైరైన టీచర్లు, చర్చి సభ్యులు వందలాదిగా ముందుకు వచ్చారు. వాళ్లు ఎక్కడో ఉన్న ఒక ఖైదీ భార్యకు సొంత చేతిరాతతో ఉత్తరం రాసేవారు. వాతావరణం గురించి, తోట గురించి, పిల్లల చదువు గురించి నాలుగు మాటలు, దానితోపాటు కొంత సొమ్ము. జవాబు వచ్చేది: డబ్బు అందింది, అద్దె కట్టాను, పెద్దవాడికి బూట్లు కొన్నాను, చిన్నదానికి దగ్గు తగ్గలేదు. ఆ జవాబులు లండన్ ఆఫీసుకు చేరేవి. అక్కడ చదివి, ఏ ఇంటికి ఎప్పుడు ఏమి కావాలో నిర్ణయించేవారు. ఈ గోప్యమైన వ్యవస్థను ఏళ్ల తరబడి నడిపినవారిలో ముఖ్యురాలు ఫిలిస్ ఆల్ట్‌మన్. మండేలా పార్టీ ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ మనుషులా, దాని ప్రత్యర్థి పాన్ ఆఫ్రికనిస్ట్ కాంగ్రెస్ మనుషులా అన్న తేడా లేకుండా ఇవ్వాలన్నది వాళ్లు పెట్టుకున్న నియమం. 1991లో ఆ నిధి తన పని ముగించేనాటికి సుమారు 10 కోట్ల పౌండ్లు దక్షిణాఫ్రికా చేరాయని లెక్క.

ఆ ఉత్తరాల పద్ధతిని మళ్లీ ఒకసారి గమనించండి. ఖర్చు వివరం వస్తోంది, అవసరం తెలుస్తోంది, డబ్బు చేరిందన్న రుజువు ఉంది. ఆడిటర్ అడిగేవి చాలావరకు ఇవే కదా! అయినా ఆ తల్లి ఎవరి ముందూ తన కొడుకు రాజకీయాలను సంజాయిషీగా చెప్పుకోలేదు. పిల్లలను ఫోటోకు నిలబెట్టలేదు.

పార్టీ జల్లెడ లేనిచోట, ఉన్నచోట ఏమవుతుందో చూడాలంటే అంతకు ముందు కాలానికి వెళ్లాలి. 1918లో మాస్కోలో పొలిటికల్ రెడ్ క్రాస్ ఏర్పడింది. ఎకతెరీనా పెష్కోవా దానికి ప్రాణం. 1922లో దాన్ని మూసేయించినా పేరు మార్చుకుని, ఆమె నాయకత్వంలోనే 1930ల చివరిదాకా నడిచింది. పాలక బోల్షెవిక్కుల ప్రత్యర్థులైన సోషలిస్టు రివల్యూషనరీలు, మెన్షెవిక్కులు, అనార్కిస్టులు, మతాచార్యులు, ఎవరి ఇంటివారు వచ్చినా వినేవారు. తరచు వాళ్లు అడిగేది డబ్బు కూడా కాదు, "మా మనిషి ఎక్కడున్నాడు?" అని. పెష్కోవా ఆఫీసు రహస్య పోలీసు విభాగానికి రాసి, జవాబు తెప్పించి, ఫలానా జైల్లో ఉన్నాడనో, ఫలానా చోటికి ప్రవాసం పంపారనో చెప్పేది. మన నివేదికల్లో ఈ పనికి పద్దు లేదు. దరఖాస్తుల్లో మాత్రం ఈ ప్రశ్న ఇప్పటికీ వస్తూనే ఉంది.

అదే ఊళ్లో, అదే 1922లో కమ్యూనిస్టు ఇంటర్నేషనల్ (ప్రపంచ కమ్యూనిస్టు పార్టీల సమాఖ్య) ఆధ్వర్యంలో అంతర్జాతీయ రెడ్ ఎయిడ్ పుట్టింది. ఇతర దేశాల జైళ్లలో మగ్గుతున్న విప్లవకారుల కోసం అది ఎంతో చేసింది, కాదనను. తన ఇంటి పక్క జైళ్లలో ఉన్న సోషలిస్టులు మాత్రం దాని లెక్కలోకి రాలేదు. తమాషా ఏమిటంటే, దాని అమెరికా శాఖగా 1925లో మొదలైన ఇంటర్నేషనల్ లేబర్ డిఫెన్స్ తొలి ఏళ్లలో జేమ్స్ కానన్ చేతుల్లో వేరేలా నడిచింది. కార్మికోద్యమం వల్ల జైలుకు వెళ్లిన ప్రతి ఒక్కరికీ, కమ్యూనిస్టు అయినా కాకపోయినా, నెలకు 5 డాలర్లు వెళ్లేవి. చిన్న మొత్తమే. కానీ నెలనెలా వచ్చేది. మీలో కొందరు ఏడాదికి ఒకసారి సభ పెట్టి, శాలువా కప్పి ఇచ్చే పెద్ద చెక్కు కంటే అది మేలని నా అభిప్రాయం. అద్దె నెలకోసారి కట్టాలి, సభ తేదీ దాకా ఇంటి యజమాని ఆగడు.

ఇక పేరు సంగతి. ఒకే కేసులో ముద్దాయిలు చాలామంది ఉంటారు. మొదటి ముద్దాయి రచయితో ప్రొఫెసరో అయితే అతని కోసం కమిటీ ఏర్పడుతుంది, సంతకాల సేకరణ జరుగుతుంది, విదేశాల నుంచి లేఖలు వస్తాయి. పద్నాలుగో ముద్దాయి ఆ రచయితను కారులో దింపిన డ్రైవరు. లేదా కరపత్రం అచ్చు వేసిన ప్రెస్సులో పనివాడు. అతనికి లాయరును ప్రభుత్వమే పెట్టింది, ఆ లాయరు వాయిదాకు రాడు. అతని భార్యకు మన సంస్థల పేర్లు తెలియవు, తెలిసినా ఫారం ఆమెకు అర్థమయ్యే భాషలో ఉండదు. మా దగ్గర సాయం అందుకుంటున్నవారి జాబితా తిరగేస్తే, వార్తల్లో చదివిన పేర్లే మళ్లీ మళ్లీ కనబడతాయి. వాళ్లకు అక్కర లేదని అనడం లేదు. ప్రతి కేసులోనూ చార్జిషీటు చివరి పేరు నుంచి పైకి రావాలని అంటున్నాను. ఆ చివరి పేరు వాళ్ల ఇంటికి ఎవరో ఒకరు స్వయంగా వెళ్లాలి. 1976లో పోలండ్‌లో, రాదోమ్, ఉర్సుస్ పట్టణాల్లో సమ్మె చేసిన కార్మికులను కొట్టి జైళ్లలో వేసినప్పుడు కొందరు మేధావులు చేసింది అదే. వాళ్లు కోర్టు వరండాల్లో నిలబడి, విచారణకు వచ్చిన భార్యలను, తల్లులను పలకరించి, అడ్రసులు తీసుకుని ఇళ్లకు వెళ్లారు. వార్సా ప్రొఫెసరు తమ గుమ్మంలోకి ఎందుకు వచ్చాడో అర్థం కాక ఆ ఇళ్లవాళ్లు మొదట అనుమానించి ఉంటారు, అందులో వింతేమీ లేదు. ఆ సెప్టెంబరులోనే 'కార్మికుల రక్షణ కమిటీ' ఏర్పడింది. ఆ కార్మికుల్లో పేరున్నవాడు ఒక్కడూ లేడు.

స్త్రీలు జైలుకు వెళ్లినప్పుడు మన ఫారం ఇంకా అన్యాయంగా పనిచేస్తుంది. "సంపాదించే వ్యక్తి అరెస్టయ్యారా?" అన్న ప్రశ్నకు "కాదు" అని రాస్తే మార్కులు తగ్గుతాయి. ఇల్లు నడిపిన మనిషి వెళ్లిపోయాక పిల్లలను చూసుకోవడానికి నాయనమ్మ పని మానుకుందన్నది ఏ గడిలోనూ పట్టదు.

ప్రయాణ ఖర్చుల మీద మన పిసినారితనం గురించి కూడా ఒక మాట. ఖైదీలను వీలైనంతవరకు ఇంటికి దగ్గరలోని జైలులో ఉంచాలని 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మండేలా నియమాలు చెబుతున్నాయి. రాజకీయ కేసుల్లో జరిగేది తరచు దానికి తలకిందులు. దక్షిణాఫ్రికాలో మండేలాను ఉంచిన రాబెన్ ద్వీపం జైలులో తొలినాళ్లలో కింది తరగతి ఖైదీకి ఆరు నెలలకు ఒక ఉత్తరం, ఒక ములాఖత్, అదీ అరగంట. ఆ అరగంట కోసం జొహానెస్‌బర్గ్ నుంచి భార్య సుమారు 1400 కిలోమీటర్లు ప్రయాణించి కేప్‌టౌన్ చేరి, అక్కడ పడవ ఎక్కాలి. అందుకే చర్చిల సమాఖ్య నడిపిన సంస్థ వాళ్ల కోసం కేప్‌టౌన్‌లో కౌలీ హౌస్ అనే బస ఏర్పాటు చేసింది. రాత్రి తలదాచుకోవడానికి ఒక పరుపు, పొద్దున రేవు దాకా తీసుకెళ్లే మనిషి. మా కమిటీ మాత్రం ములాఖత్ ప్రయాణాలను 'అత్యవసరం కానివి' అన్న పద్దు కింద వేసింది. ఆ మాట రాసినవారు ఒక్కసారి జైలు గేటు ముందు క్యూలో నిలబడి, పేరు పిలిచేదాకా ఎదురుచూసి, ఈరోజు ములాఖత్‌లు రద్దయ్యాయని విని వెనక్కి రావాలని నా కోరిక.

మన ఫారం మూడో పేజీ మీద నాకున్న రెండో అభ్యంతరం మరీ మొరటుది: అది దొరికితే ఏమవుతుంది? బెలారుస్‌లో 1996లో అరెస్టయినవారికి, వాళ్ల కుటుంబాలకు తోడ్పడటానికే వియస్నా సంస్థ పుట్టింది. 2003లో ప్రభుత్వం దాని రిజిస్ట్రేషన్ రద్దు చేయడంతో స్వదేశంలో బ్యాంకు ఖాతా లేకుండా పోయింది. దాని నాయకుడు అలెస్ బియాలియాత్‌స్కీ లిథువేనియా, పోలండ్ బ్యాంకుల్లో తన పేరు మీద డబ్బు ఉంచాడు. న్యాయ సహకార ఒప్పందం కింద అడగగానే ఆ రెండు దేశాల అధికారులు ఖాతా వివరాలు అప్పగించేశారు. 2011లో పన్ను ఎగవేత కేసులో అతనికి నాలుగున్నరేళ్ల శిక్ష పడింది. తర్వాత ఆ ప్రభుత్వాలు నాలుక కరచుకున్నాయి. 2022లో నోబెల్ శాంతి బహుమతి వచ్చినప్పుడు కూడా అతను జైల్లోనే ఉన్నాడు. 2023 మార్చిలో మళ్లీ పదేళ్లు వేశారు. 2024 జనవరిలోనైతే ఆ దేశంలో ఆహార పార్సిళ్లు అందుకున్న పాపానికి ఖైదీల బంధువుల ఇళ్లలోనే సోదాలు జరిగాయి. ఇది చదివాక కూడా ఒక తల్లి చేత "మా అబ్బాయి ఫలానా సంస్థ సభ్యుడు" అని సంతకం పెట్టించి ఇనుప బీరువాలో దాచిపెడతారా? ప్రాసిక్యూటరుకు అంతకంటే మంచి సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది?

గోప్యత ఒక్కటే దారి అని కూడా అనను. పోలండ్ కమిటీ తన సభ్యుల పేర్లు, అడ్రసులు, ఫోన్ నంబర్లు బహిరంగంగా అచ్చు వేసింది, దాని బలం అందులోనే ఉంది. అయితే బయటపెట్టినవి సాయం చేసేవాళ్ల పేర్లు. మనం అందుకు సరిగ్గా వ్యతిరేకంగా చేస్తున్నాం. ధర్మకర్తల వివరాలు అడిగితే "భద్రతా కారణాలు" అంటాం, ఖైదీ పిల్లల ముఖాలు మాత్రం వార్షిక నివేదిక అట్ట మీద రంగుల్లో వేస్తాం.

దాతలు అడుగుతారు, బ్యాంకులు అడుగుతాయి అంటారు. బ్యాంకుల బెడద నిజమే. ఉగ్రవాద నిధుల కట్టడి పేరుతో 2001 నుంచి వచ్చిన అంతర్జాతీయ నిబంధనలను సాకుగా తీసుకుని చిన్న సంస్థల ఖాతాలు మూసేసిన సందర్భాలు అనేకం. ఆ నిబంధనలు రాసిన అంతర్జాతీయ సంస్థ ఎఫ్ఏటీఎఫ్ (ఫైనాన్షియల్ యాక్షన్ టాస్క్ ఫోర్స్) తానే 2023లో తన ఎనిమిదో సిఫారసును సవరించి, న్యాయబద్ధమైన సేవా కార్యక్రమాలకు అడ్డంకి కలిగించేలా ఆంక్షలు పెట్టవద్దని చెప్పింది. ఆ కాగితం పట్టుకుని బ్యాంకు మేనేజరుతో వాదించే పని మనది. ఆ భారం తెచ్చి దరఖాస్తుదారు నెత్తిన పెట్టకూడదు.

చివరగా విడుదల. మా సంస్థలో ఖైదీ గేటు దాటిన నెలలోనే సాయం ఆగిపోతుంది, ఫైలు మీద "ముగిసింది" అని ముద్ర పడుతుంది. బయటికి వచ్చిన మనిషికి ఉద్యోగం ఇచ్చేవారు ఉండరు. వారం వారం స్టేషన్‌లో సంతకం పెట్టాలి. పళ్లు, కళ్లు, వెన్ను, ఏదో ఒకటి పాడై ఉంటుంది. జైల్లో ఉన్నప్పుడు వాయిదా వేసిన అప్పులన్నీ అప్పుడే గుమ్మంలోకి వస్తాయి. ఇక పశ్చాత్తాప పత్రం మీద సంతకం పెట్టి బయటపడ్డవాళ్ల పేర్లయితే మనం జాబితాలోంచి చడీచప్పుడు లేకుండా కొట్టేస్తాం. ఆ సంతకం ఎలా పెట్టించారో మనకు తెలియదు. లోపల ఎన్ని రాత్రులు నిద్ర లేకుండా ఉంచారో, ఇంట్లో ఎవరిని అరెస్టు చేస్తామని బెదిరించారో తెలియదు. ఎవరు నిలబడ్డారు, ఎవరు లొంగారు అని తీర్పు చెప్పే అధికారం సహాయ నిధికి ఎవరిచ్చారు? సంతకం పెట్టిన మనిషి కూతురికి ఆ నెలలో బడి ఫీజు కట్టే అవసరం లేకుండా పోయిందా?

మూడో పేజీ తీసేయాలని, పిల్లల ఫోటోలు ఆపాలని, ములాఖత్ ప్రయాణాలను అత్యవసరాల పద్దులోకి మార్చాలని, విడుదల తర్వాత కనీసం ఏడాదిపాటు ఏ షరతూ లేకుండా నెలవారీ సాయం కొనసాగించాలని మా సర్వసభ్య సమావేశానికి తీర్మానం ఇచ్చాను. బలపరచడానికి ఇద్దరు సభ్యులు ముందుకొచ్చారు. కోశాధికారి మాత్రం నిధులు చాలవంటున్నారు. ఏడాదికోసారి జరిపే సభ, శాలువాలు, రంగుల నివేదిక మానుకుంటే ఎంత మిగులుతుందో లెక్క వేసి ఆయనకు ఇచ్చాను. మీ మీ సంస్థల్లో కూడా ఆ లెక్క వేయించండి. వచ్చిన అంకెలను ఓటింగుకు ముందే సభ్యులందరికీ పంపండి.

ఇట్లు,
దరఖాస్తులు చదివే ఒక స్వచ్ఛంద కార్యకర్త